రీల్‌లో 30 సెకన్లు.. వంటింట్లో గంటన్నర! డిన్నర్ రోల్స్ దూదిలా రావాలంటే ఎక్కడ తొందరపడొచ్చు? ఎక్కడ ఆగాలి?

వీడియోలో అంతా చకచకా అయిపోతుంది. గిన్నెలో మైదా, పాలు, ఈస్ట్ పడతాయి. కట్ చేస్తే పిండి ముద్ద రెట్టింపు అయి ఉంటుంది. మళ్లీ కట్ చేస్తే ఓవెన్‌లోంచి బంగారు రంగులో మెత్తటి రోల్స్ బయటికొస్తాయి. బాగుంది కదా అని సేవ్ చేసుకుని ఆదివారం సాయంత్రం మొదలుపెడితే.. పైన గట్టిగా, లోపల పచ్చిగా, కొరికితే పిండి వాసన. "మన చేతికి ఇవి రావులే" అని మిగిలిన ఈస్ట్ ప్యాకెట్‌ను ఫ్రిజ్‌లో ఓ మూలకు నెట్టేస్తారు చాలామంది.

నిజానికి తప్పు చేతిది కాదు. వీడియోలో కట్ అయిపోయిన ఆ సమయానిది.

వంట వీడియోలు ఎడిట్ చేసేవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. పిండి పొంగడానికి పట్టిన అరగంటను 2 సెకన్లకు కుదించేస్తాం. లేకపోతే ఎవరూ చివరిదాకా చూడరు. నేను అలా కుదించిన ఓ వీడియో చూసే మా అమ్మ మొదటిసారి రోల్స్ చేసింది. రాళ్లలా వచ్చాయి. నాకు మాత్రం చెప్పలేదు. అమ్మా నాన్నా రెండు రోజులు వాటిని టీలో ముంచుకుని తినేశారని తర్వాత నాన్న ఫోన్‌లో నోరు జారితే తెలిసింది. అందుకే వీడియోలో కనిపించని భాగాన్ని కూడా కలిపి, మొత్తం ప్రాసెస్ ఇక్కడ చూద్దాం.

అసలు డిన్నర్ రోల్ అంటే ఏంటి?

మనం పావ్ భాజీలో తినే పావ్‌కి ఇది దగ్గరి చుట్టం. అమెరికా, యూరప్ దేశాల్లో రాత్రి భోజనంలో సూప్, కూరలతో పాటు పెట్టుకునే చిన్న బన్ ఇది. అక్కడుండే మన తెలుగువాళ్లకు నవంబర్‌లో వచ్చే థ్యాంక్స్‌గివింగ్ విందులో ఇవి బాగా పరిచయం. పావ్ అనే మాట కూడా మనది కాదు. రొట్టెను పోర్చుగీసు భాషలో 'పావ్' అంటారు. వాళ్లతో పాటే గోవాలో అడుగుపెట్టి, అక్కడి నుంచి ముంబై వీధుల్లోకి చేరింది. తేడా ఏంటంటే.. డిన్నర్ రోల్‌లో పాలు, వెన్న, చక్కెర పాళ్లు కాస్త ఎక్కువ. అందుకే అది ఇంకా మెత్తగా, కొంచెం తీపిగా ఉంటుంది.

'క్విక్' అంటే ఎంత క్విక్?

ఇడ్లీ పిండి రాత్రంతా పులవాలి. రోల్స్‌కి గంటన్నర ఎలా సరిపోతుంది? ఇడ్లీ పిండిలో మనం ప్రత్యేకంగా ఏమీ కలపం. పప్పులో, బియ్యంలో, గాలిలో సహజంగా ఉండే సూక్ష్మజీవులే మెల్లగా పెరిగి పిండిని పులియబెడతాయి. ఈస్ట్ ప్యాకెట్‌లో అయితే కోట్ల సంఖ్యలో ఈస్ట్ కణాలు సిద్ధంగా ఉంటాయి. తడి, వెచ్చదనం, తీపి దొరికితే చాలు.. వెంటనే పని మొదలుపెడతాయి. చక్కెరను తిని కార్బన్ డయాక్సైడ్ వదులుతాయి. ఆ గ్యాస్ పిండిలో చిక్కుకుంటేనే రోల్ పొంగుతుంది.

అంటే సమయం తగ్గించుకోవడానికి మన దగ్గర మూడు దారులున్నాయి. ఈస్ట్ కాస్త ఎక్కువ వేయడం, పాలు గోరువెచ్చగా పోయడం, గిన్నెను వెచ్చటి చోట పెట్టడం. ఈ మూడింటితో గంటన్నర, గంట ముప్పావులో పని పూర్తవుతుంది. అంతకంటే తగ్గించాలంటే పిండి పొంగే సమయాన్నే కోసేయాలి. అక్కడే రోల్ రాయి అవుతుంది.

కావాల్సిన పదార్థాలు (12 రోల్స్‌కి)

మైదా: 375 గ్రాములు (సుమారు 3 కప్పులు)
పాలు: 240 మి.లీ. (కాచి, గోరువెచ్చగా చల్లార్చినవి)
ఇన్‌స్టంట్ డ్రై ఈస్ట్: రెండున్నర టీ స్పూన్లు (8 గ్రాములు)
చక్కెర: 2 టేబుల్ స్పూన్లు
వెన్న: 30 గ్రాములు, పైన రాయడానికి మరో స్పూన్
ఉప్పు: 1 టీ స్పూన్

కప్పుతో కొలిస్తే మైదాను కప్పులోకి అదిమి నింపొద్దు. స్పూన్‌తో వదులుగా వేసి పైన సమం చేయండి. అదిమితే ఒక్కో కప్పుకు 20, 30 గ్రాములు ఎక్కువ పడిపోతుంది. రోల్స్ గట్టిపడటం చాలాసార్లు ఇక్కడే మొదలవుతుంది.

స్టెప్ 1: ముందు ఈస్ట్ బతికే ఉందో లేదో చూడండి

ప్యాకెట్ ఎప్పుడో తెరిచిందైతే ఈ టెస్ట్ తప్పనిసరి. గోరువెచ్చని పాలలో చక్కెర, ఈస్ట్ వేసి కలిపి 8 నుంచి 10 నిమిషాలు వదిలేయండి. పైన నురగ కడితే ఈస్ట్ బాగున్నట్టు. నురగ రాకపోతే అక్కడితో ఆపేయండి. పోయేది గ్లాసు పాలే. ముందుకెళితే మైదా, వెన్న కూడా దండగ.

పాల వేడి ఎంత ఉండాలి? 38 నుంచి 40 డిగ్రీల సెల్సియస్. థర్మామీటర్ అక్కర్లేదు. చంటిపిల్లల పాలు చూసినట్టే మణికట్టు మీద ఓ చుక్క వేసుకోండి. వెచ్చగా తగిలితే ఓకే, చురుక్కుమంటే ఆగాలి. 55, 60 డిగ్రీలకు చేరితే ఈస్ట్ చచ్చిపోతుంది. పొయ్యి మీద నుంచి దించిన పాలను వెంటనే పోసేయడమే మా అమ్మ చేసిన మొదటి పొరపాటు. తొందరగా పొంగాలని ఇంకొంచెం వేడిగా పోశానంది. వేడి పెరిగితే పని వేగంగా జరిగేది ఓ హద్దు దాకే. ఆ హద్దు దాటితే పొంగడానికి ఈస్టే మిగలదు.

స్టెప్ 2: కలిపి, 10 నిమిషాలు పిసకండి

మైదా, ఉప్పు కలిపి అందులో ఈస్ట్ పాలు పోయండి. తడిపిన పిండిని 5 నిమిషాలు అలాగే వదిలేస్తే పాలను బాగా పీల్చుకుంటుంది, పిసకడం తేలికవుతుంది. తర్వాత మెత్తటి వెన్న వేసి పిసకడం మొదలుపెట్టండి.

మొదటి 4 నిమిషాలు ముద్ద చేతికి అంటుకుంటూనే ఉంటుంది. ఇక్కడే చాలామంది కంగారుపడి పొడి మైదా జల్లుతారు. వద్దు. చపాతీ పిండి కంటే ఇది మెత్తగా, కొంచెం జిగురుగానే ఉండాలి. మరీ ఇబ్బందైతే చేతికి చుక్క నూనె రాసుకోండి. మడమతో ముందుకు తోసి, వెనక్కి మడిచి, మళ్లీ తోయండి. ఇలా 8 నుంచి 10 నిమిషాలు చేస్తే మైదాలోని ప్రొటీన్లు కలిసి గ్లూటెన్ అనే సాగే వల తయారవుతుంది. ఈస్ట్ వదిలే గ్యాస్‌ను పట్టి ఉంచేది ఈ వలే.

అయిందో లేదో ఎలా తెలుస్తుంది? చిన్న ఉండ తీసుకుని రెండు చేతులతో మెల్లగా సాగదీయండి. చిరగకుండా, అవతలి వెలుతురు కనిపించేంత పల్చటి పొరలా సాగితే రెడీ. వెంటనే చిరిగిపోతే ఇంకో 2 నిమిషాలు పిసకాలి.

స్టెప్ 3: మొదటి పొంగు.. 30 నిమిషాలు

నూనె రాసిన గిన్నెలో ముద్ద పెట్టి తడిగుడ్డ కప్పండి. చలికాలంలో లైట్ మాత్రమే వేసిన ఓవెన్‌లో గానీ, పక్కన వేడినీళ్ల గిన్నె పెట్టి మూత ఉన్న పెద్ద డబ్బాలో గానీ ఉంచితే సరి. మే నెలలో మన దగ్గర వంటిల్లే 35, 40 డిగ్రీలు ఉంటుంది. అప్పుడు పాలు వెచ్చబెట్టనక్కర్లేదు, మామూలుగా ఉంటే చాలు. 20 నిమిషాలకే పొంగిపోవచ్చు. అందుకే గడియారాన్ని కాదు, పిండిని చూడండి. దాదాపు రెట్టింపు అయితే అయినట్టే.

స్టెప్ 4: ఉండలు చేయండి

ముద్దను మెల్లగా అదిమి గ్యాస్ తీసేసి 12 భాగాలు చేయండి. ఒక్కోటి సుమారు 57 గ్రాములు వస్తుంది. అంచులన్నీ అడుగుకి లాగి మూయండి. పైభాగం బిగుతుగా, నున్నగా ఉండాలి. ఆ బిగువు వల్లే రోల్ పక్కలకు పరుచుకోకుండా పైకి లేస్తుంది. వెన్న రాసిన 9 అంగుళాల ట్రేలో వేలెడు సందు వదిలి పేర్చండి. పొంగినప్పుడు ఒకదానికొకటి ఆనుకుంటాయి. పక్కలు మెత్తగా ఉండేది అందుకే.

స్టెప్ 5: రెండో పొంగు.. ఇదే అసలు కీలకం

వీడియోల్లో ఎక్కువగా మాయమయ్యేది ఈ 25 నిమిషాలే. ఉండలు చేసేటప్పుడు లోపలి గ్యాస్ చాలావరకు బయటికి పోయింది. మళ్లీ నిండే టైమ్ ఇవ్వకుండా ఓవెన్‌లో పెడితే పైన గట్టిపడి, లోపల పిండిముద్దలా మిగులుతుంది. "ఉండలు చేశాక మళ్లీ ఆగాలని వీడియోలో లేదుగా" అంది అమ్మ. నిజమే, లేదు.

వేలికి కొంచెం పిండి అద్దుకుని ఉండ పక్కన మెల్లగా నొక్కండి. గుంట వెంటనే పైకొచ్చేస్తే ఇంకా ఆగాలి. మెల్లగా, సగం పైకొస్తే కాల్చడానికి రెడీ. అసలు రాకుండా అలాగే ఉండిపోయి, సారా లాంటి పులిసిన వాసన వస్తే ఎక్కువ పొంగినట్టు. అప్పుడు ఉండలు మళ్లీ చుట్టి 15 నిమిషాలు ఆగొచ్చు.

స్టెప్ 6: కాల్చడం

ఓటీజీని 180 డిగ్రీలకు 10 నిమిషాలు ముందే వేడి చేసి, మధ్య అరలో 15 నుంచి 18 నిమిషాలు కాల్చండి. పైన బంగారు రంగు రావాలి. తీసిన వెంటనే వెన్న రాసి గుడ్డ కప్పితే పైపొర మెత్తబడుతుంది. మైక్రోవేవ్ ఉన్నవాళ్లు కన్వెక్షన్ మోడ్ ఉంటేనే వాడాలి. మామూలు మైక్రోవేవ్ మోడ్‌లో రంగు రాదు, చల్లారాక రబ్బరులా సాగుతాయి.

ఓవెన్ లేదా? మందపాటి మూకుడు చాలు

కొలతలు సగం చేసుకుని 6 రోల్స్ మాత్రమే చేయండి. మందపాటి అల్యూమినియం లేదా ఇనుప మూకుడులో కప్పు ఉప్పు పరిచి, స్టాండ్ పెట్టి, మూతతో 10 నిమిషాలు వేడి చేయండి. 7 అంగుళాల గిన్నెలో పొంగిన ఉండలను లోపల పెట్టి సన్నని సెగ మీద 25 నుంచి 30 నిమిషాలు ఉంచండి. మధ్యలో మూత తీయొద్దు. పైనుంచి వేడి తగలదు కాబట్టి రంగు తక్కువే వస్తుంది. చివర్లో పెనం మీద వెన్న వేసి బోర్లించి ఒక్క నిమిషం ఉంచితే ఆ లోటు తీరుతుంది.

కుక్కర్ వాడేటట్టయితే గ్యాస్కెట్, విజిల్ రెండూ తీసేయాలి. ఇది మరిచిపోతే ప్రమాదం. నాన్‌స్టిక్ గిన్నెను మాత్రం ఇలా ఖాళీగా వేడి చేయొద్దు.

ఎక్కడ తేడా కొట్టింది?

అసలు పొంగలేదు: ఈస్ట్ పాతది, లేదా పాలు మరీ వేడి.
గట్టిగా వచ్చాయి: మైదా ఎక్కువైంది, లేదా రెండో పొంగు చాలలేదు.
పొంగి, ఓవెన్‌లో కుంగాయి: ఎక్కువసేపు పొంగనిచ్చారు.
పైన మాడి లోపల పచ్చి: వేడి ఎక్కువైంది. 10 డిగ్రీలు తగ్గించి ఇంకో 4 నిమిషాలు ఉంచండి.

గోధుమపిండితో అవుతాయా? ఈస్ట్ లేకుండా?

సగం మైదా, సగం గోధుమపిండితో బాగానే వస్తాయి. గోధుమపిండి తడి ఎక్కువ పీలుస్తుంది కాబట్టి 2, 3 స్పూన్ల పాలు అదనంగా పోయండి. పూర్తిగా గోధుమపిండితో చేస్తే అందులోని పొట్టు గ్లూటెన్ వలను తెంపుతుంది. రుచి ఉంటుంది కానీ అంత ఎత్తు రాదు. ఇక పెరుగు, బేకింగ్ పౌడర్‌తో చేసే రోల్స్ అరగంటలో అయిపోతాయి. తినడానికి బాగానే ఉంటాయి కానీ పొడిపొడిగా విరుగుతాయి. పావ్‌లా పీచుగా సాగవు. రెండూ ఒకటే అని చెప్పే వీడియోలను నమ్మొద్దు.

ఇంట్లో చేస్తే ఆరోగ్యమేనా?

2016లో ఢిల్లీకి చెందిన సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ బ్రెడ్ శాంపిల్స్ పరీక్షించిన తర్వాత పొటాషియం బ్రోమేట్‌పై దేశమంతా చర్చ జరిగింది. అదే ఏడాది జూన్‌లో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దాన్ని అనుమతించిన పదార్థాల జాబితా నుంచి తీసేసింది. ఇంట్లో చేస్తే ఏం వేశామో మనకు తెలుస్తుంది. లాభం అంతవరకే. మైదా, వెన్న, చక్కెర ఎక్కడైనా మైదా, వెన్న, చక్కెరే. షుగర్ ఉన్నవాళ్లు ఇంట్లో చేసినవే కదా అని లెక్క తప్పొద్దు.

ప్రిజర్వేటివ్స్ ఉండవు కాబట్టి మూత డబ్బాలో రెండు రోజులే. ఎండాకాలం అయితే ఒక్క రోజే. ఫ్రిజ్‌లో పెడితే ఇంకా తొందరగా గట్టిపడతాయి. ఎక్కువ రోజులు కావాలంటే చల్లారాక కవర్‌లో కట్టి ఫ్రీజర్‌లో పెట్టండి. తినే ముందు కొన్ని నీళ్లు చిలకరించి, మూత పెట్టి పెనం మీద వెచ్చబెడితే మళ్లీ మెత్తబడతాయి.

రాత్రి 8 గంటలకు భోజనమైతే 6 గంటలకే పాలు పొయ్యి మీద పెట్టండి. ఈ రెండు గంటల్లో మీ చేతికి పని ఉండేది అరగంట కూడా కాదు. మిగతా టైమ్‌లో కూర చేసుకోవచ్చు, సీరియల్ చూసుకోవచ్చు. పిండిని మాత్రం తొందరపెట్టొద్దు. అమ్మ రెండోసారి చేసినప్పుడు వీడియో చూడలేదు. "ఎంతసేపు ఆగాలో చెప్పు, చాలు" అంది. ఈసారి ఫొటో పంపింది.