దల్క్: చేతి స్పర్శతో చికిత్స

వైద్యమనగానే మనకు మందుసీసాలు, మాత్రలు గుర్తుకు వస్తాయి. కాని యునానీ శాస్త్రము చికిత్సను నాలుగు విధాలుగా విభజించినది. ఆహారముతో చేసేది ఇలాజ్ బిల్ గిజా. ఔషధముతో చేసేది ఇలాజ్ బిద్దవా. శస్త్రముతో చేసేది ఇలాజ్ బిల్ యద్. స్నానము, వ్యాయామము, మర్దన, కాపడము మొదలైన వాటితో చేసేది ఇలాజ్ బిత్ తద్‌బీర్. ‘యద్’ అనగా చేయి అని అరబ్బీ చదివిన మన విద్యార్థులకు తెలుసు. అయినా ఆ పేరు దక్కినది శస్త్రచికిత్సకే గాని మర్దనకు కాదు! మర్దనకు ‘దల్క్’ అని వేరే పేరున్నది. మేమిక్కడ ముచ్చటించదలచినది దానిని గురించియే.

ఇబ్న్ సీనా (980–1037) తన ‘అల్ ఖానూన్’ గ్రంథములో దల్క్ భేదాలను వివరించినాడు. గట్టి మర్దన దేహమును బిగువుగా చేస్తుంది, మెత్తని మర్దన సడలిస్తుంది. అతిగా చేస్తే కృశింపజేస్తుంది, మితముగా చేస్తే పుష్టినిస్తుంది. ఈ భావము అంతకు పూర్వమే గ్రీకు వైద్యులలో ఉన్నది. వ్యాయామమునకు ముందు దేహమును సిద్ధపరచే మర్దన వేరు, తరువాత అలసట తీర్చే మర్దన వేరు. హైదరాబాదు నిజామియా తిబ్బీ కళాశాలలో ఈ తద్‌బీర్ నేటికీ పాఠ్యాంశమే.

స్పర్శ వలన నొప్పి ఎందుకు తగ్గుతుంది? 1965లో మెల్‌జాక్, వాల్ అను శాస్త్రజ్ఞులు వెన్నుపాములో నొప్పికొక ద్వారము వంటిది ఉన్నదని ప్రతిపాదించినారు. స్పర్శ, ఒత్తిడి వార్తలను మోసే లావుపాటి నాడీతంతువులు చురుకైనప్పుడు ఆ ద్వారము కొంత మూసుకొని, నొప్పి వార్త మెదడుకు మందముగా చేరుతుంది. దెబ్బ తగిలిన చోటును మనము అప్రయత్నముగా రుద్దుకొనడము ఇందుకే కాబోలు. ఇవి గాక, సెకనుకు సుమారు 1 నుండి 10 సెంటీమీటర్ల వేగముతో నిమిరినప్పుడు బాగుగా స్పందించే సన్నని తంతువులు కూడ చర్మములో ఉన్నవి. తల్లి బిడ్డను నిమిరే వేగము ఇంచుమించు అదే.

మా విద్యార్థులలో కొందరి తల్లులు బీడీలు చుట్టి ఫీజులు కడుతున్నారు. రోజంతా తల వంచి కూర్చున్న వారి మెడకు, నడుముకు మాలిష్ నిజముగా ఊరటనిస్తుంది. అయితే ‘పది మాలిష్‌లతో నొప్పి మాయం’ అనే ప్రకటనలను నమ్మి సంపాదన పోగొట్టుకొనరాదని మా గట్టి అభిప్రాయము. 2015లో కాక్రేన్ సంస్థ నడుమునొప్పిపై జరిగిన పరీక్షలను సమీక్షించి, మర్దన వలని ఉపశమనము కొద్దికాలమే ఉండునని, అందుకైనా ఆధారాలు బలహీనమైనవని తేల్చినది. దీర్ఘకాలపు నొప్పికి నడక, వ్యాయామము, మధ్యమధ్య లేచి తిరగడము తప్పవు.

కొన్ని సందర్భాలలో మర్దన హానికరము. ఒక కాలి పిక్క మాత్రమే వాచి నొప్పిగా ఉంటే లోపల రక్తము గడ్డకట్టి ఉండవచ్చు. రుద్దితే ఆ గడ్డ కదలి ఊపిరితిత్తులకు చేరే ప్రమాదమున్నది. నడుమునొప్పితో పాటు మూత్రముపై అదుపు తప్పినా, తొడల మధ్య తిమ్మిరి కలిగినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళవలెను. జ్వరము, ఎముక విరుగుట, పుండ్లు ఉన్నచోట చేయి వేయరాదు.

ఇంటిలో చేయుటకు గోరువెచ్చని నువ్వులనూనె చాలు. మెడ ముందు భాగమును ముట్టక, వెన్నెముక మీద నొక్కక, ఇరువైపులా ఉన్న కండరాలను అరచేతితో భుజాల వైపు మెల్లగా పది నిమిషాలు నిమరవలెను. ఎంత ఒత్తిడి హాయిగా ఉన్నదో అమ్మనే అడగండి.