డూఇట్: ప్యాకేజీ తయారీలో ఒక చిన్న ఫంక్షన్ కథ

సోర్సు కోడు ఇన్‌స్టాల్ చేసుకోదగిన ప్యాకేజీగా మారాలంటే పదుల కొద్దీ, ఒక్కోసారి వందల కొద్దీ కమాండ్లు వరసగా నడవాలి. కోడును కంపైల్ చేయాలి, ఫైళ్లను వాటి వాటి డైరెక్టరీల్లో చేర్చాలి, అనుమతులు సరిచేయాలి, చివరికి అన్నిటినీ ఒక మూటగా కట్టాలి. బిల్డ్ వ్యవస్థ ఈ పనుల్లో చాలావాటిని తాను చేయదు. వేరే ప్రోగ్రాములను పిలిచి చేయిస్తుంది. అలా పిలవడానికే దాని లోపల కొన్ని సహాయక ఫంక్షన్లు ఉంటాయి.

వీటి మూలం యూనిక్స్‌లో ఉంది. అక్కడ ఒక ప్రోగ్రాము మరొకదాన్ని నడపడానికి మూడు మెట్లున్నాయి. ఫోర్క్ నడుస్తున్న ప్రాసెస్‌కు నకలు తీస్తుంది. ఎగ్జెక్ ఆ నకలులోకి కొత్త ప్రోగ్రామును ఎక్కిస్తుంది. వెయిట్ అది ముగిసేదాకా ఆగి ఫలితసంఖ్యను అందుకుంటుంది. సంఖ్య 0 అయితే పని అయినట్టు. 1 నుంచి 255 దాకా ఏది వచ్చినా మామూలుగా పని చెడినట్టు. అడిగిన కమాండ్ దొరకకపోతే, కమాండ్లను చదివి నడిపే షెల్ 127 ఇస్తుంది. సీ భాషలోని సిస్టమ్ ఫంక్షన్ ఈ మూడు మెట్లనూ ఒక్క పిలుపులో దాటించి, ఇచ్చిన వాక్యాన్ని షెల్ చేతిలో పెడుతుంది.

బెల్ ల్యాబ్స్‌లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ 1976లో మేక్ అనే బిల్డ్ సాధనాన్ని రాశారు. దిద్దిన ఫైలును తిరిగి కంపైల్ చేయడం మరిచి, లేని తప్పు కోసం సహోద్యోగి ఒకరు ఉదయమంతా వెతకడం అందుకు ప్రేరణ. మేక్ ప్రతి కమాండ్‌నూ ముందు తెరపై చూపి, తరువాత నడిపి, సున్నా కాని సంఖ్య వస్తే అక్కడే ఆగిపోతుంది. వరస మొదట్లో హైఫన్ పెడితే మాత్రం వైఫల్యాన్ని పట్టించుకోదు. మామూలుగా ఒక్కో వరసకు ఒక్కో కొత్త షెల్ పుడుతుంది. అందుకే మొదటి వరసలో డైరెక్టరీ మార్చినా రెండో వరసకు ఆ సంగతి తెలియదు. చూపడం, నడపడం, చెడితే ఆగడం అనే ఈ మూడు అలవాట్లూ తరువాతి సాధనాలకు సంక్రమించాయి.

1993లో ఇయాన్ మర్డాక్ ప్రారంభించిన డెబియన్ అనే లినక్స్ పంపిణీలో ప్యాకేజీ తయారీకి రూల్స్ అనే ఫైలు ఆధారం. అది నిజానికి మేక్ చదివే మేక్‌ఫైలే. మాన్యువల్ పేజీలను కుదించడం, బైనరీల్లోంచి డీబగ్ సమాచారాన్ని తీసేయడం వంటి పనులకు ప్రతి ప్యాకేజీలోనూ అవే వరసలు మళ్లీ మళ్లీ రాయాల్సి వచ్చేది. డెబ్‌మేక్ అనే సాధనం ఇలాంటి పనులు చాలావాటిని ఒకే పెద్ద కమాండ్‌లో చుట్టిపెట్టింది. 1997లో జోయీ హెస్ తెచ్చిన డెబ్‌హెల్పర్ ఆ చుట్టను విప్పి ఒక్కో పనికి ఒక్కో చిన్న కమాండును ఏర్పరిచింది. పెర్ల్‌లో ఉన్న ఈ కమాండ్లకు ఒక ఉమ్మడి లైబ్రరీ ఉంది. డూఇట్, కాంప్లెక్స్ డూఇట్ అనే ఫంక్షన్లు అందులోనివే.

డూఇట్‌కు కమాండ్ పేరునూ ఆర్గ్యుమెంట్లనూ విడివిడిగా, జాబితాగా అందించాలి. మధ్యలో షెల్ ఉండదు కనుక ఫైలు పేరులో ఖాళీ ఉన్నా, సెమికోలన్ ఉన్నా, నక్షత్రపు గుర్తు ఉన్నా అది పేరులో భాగంగానే చేరుతుంది. షెల్ అలా కాదు. ఖాళీ కనిపించిన చోట మాటను విరుస్తుంది. బంబుల్‌బీ అనే లినక్స్ సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ స్క్రిప్టులో 2011లో జరిగింది అదే. యూఎస్ఆర్ అనే సిస్టమ్ డైరెక్టరీ లోపలి ఒక ఉపడైరెక్టరీని చెరపాల్సిన వరసలో పేరు మధ్య ఖాళీ ఒకటి దూరింది. షెల్ దాన్ని రెండు పేర్లుగా చదివి మొత్తం యూఎస్ఆర్‌నే చెరపడానికి పూనుకుంది. జాబితా పద్ధతిలో అదే పొరపాటు జరిగి ఉంటే, అలాంటి పేరుతో ఏదీ లేక చెరపడమే జరిగేది కాదు.

అయినా షెల్ అవసరం పూర్తిగా తీరదు. ఒక కమాండ్ అవుట్‌పుట్‌ను పైపు ద్వారా మరొకదానికి పంపాలన్నా, ఫైలులోకి మళ్లించాలన్నా షెల్ ఉండాల్సిందే. అందుకే కాంప్లెక్స్ డూఇట్ ఒకే వాక్యాన్ని తీసుకుని షెల్‌కు ఇస్తుంది. అక్కడ కొటేషన్ గుర్తులు సరిగా పెట్టే బాధ్యత రాసేవారిదే. పైపులో ఇంకో చిక్కు ఉంది: మామూలుగా చివరి కమాండ్ ఫలితసంఖ్యే బయటికి వస్తుంది, ముందున్నది విఫలమైనా తెలియదు. బాష్ అనే షెల్‌లోని పైప్‌ఫెయిల్ అనే ఆప్షన్ ఆ లోటును పూడుస్తుంది.

వెర్బోస్ పద్ధతి ఎంచుకుంటే డూఇట్ తాను నడిపే కమాండ్‌ను తెరపై చూపుతుంది. ప్రత్యేక గుర్తులకు కొటేషన్ గుర్తులు చేర్చి మరీ చూపుతుంది కనుక దాన్ని అలాగే టెర్మినల్‌లో అతికించి నడపవచ్చు. నో యాక్ట్ పద్ధతిలో కమాండ్ అసలు నడవదు. ఏం జరగబోతుందో చూడటానికి అది పనికొస్తుంది. కమాండ్ విఫలమైతే దాని పేరునూ ఫలితసంఖ్యనూ చెప్పి బిల్డ్ నిలిచిపోతుంది.

ఈ చివరి నియమం అన్నిచోట్లా మొదటినుంచీ లేదు. జెంటూ అనే మరో లినక్స్ పంపిణీలో చాలా సహాయక ఫంక్షన్లు విఫలమైనా బిల్డ్ ముందుకు సాగిపోయేది. అందుకని రచయితలు ప్రతి పిలుపు చివరా డై అనే మాట చేర్చేవారు. అక్కడి ప్యాకేజీ నియమాల వెర్షన్ అయిన ఈఏపీఐ 4 నుంచి అక్కడి సహాయక ఫంక్షన్లు వైఫల్యం ఎదురైతే తామే బిల్డ్‌ను ఆపుతున్నాయి.

2008లో డెబ్‌హెల్పర్ ఏడో వెర్షన్‌తో డీహెచ్ అనే కమాండ్ వచ్చింది. అది చిన్న కమాండ్లన్నిటినీ సరైన వరసలో తానే పిలుస్తుంది కనుక సాదా ప్యాకేజీకి రూల్స్ ఫైలులో మూడు వరసలు చాలు. నడుస్తున్న కమాండ్లలో ఒక్కటీ ఆ మూడు వరసల్లో కనిపించదు. ఎక్కడ ఏది చెడిందో తెలుసుకోవడానికి డూఇట్ బిల్డ్ లాగ్‌లో వదిలే వరసలు తోడ్పడతాయి.