మోకాళ్ళ నొప్పులుంటే మహల్ చూడకూడదా?

సెలవులొస్తాయి. ఊరి నుంచి చుట్టాలు దిగుతారు. హైదరాబాదులో చౌమహల్లా ప్యాలెస్ చూద్దామని పిల్లలు గోల చేస్తారు. తీరా బయలుదేరే వేళకు ఇంట్లో పెద్దావిడ, "మీరు వెళ్ళి రండర్రా, నేను ఇంటిపట్టున ఉంటాను" అంటుంది. 'పాపం, ఆవిడకెందుకు శ్రమ' అనుకుని అందరూ వెళ్ళిపోతారు.

ఇది మనం దయ అనుకుంటాం. కాని వాడకం తగ్గిన కాలికి తొడ కండరాలు క్షీణిస్తాయి. కండరం క్షీణిస్తే కీలు మీద భారం పెరుగుతుంది, నొప్పి ఇంకా ఎక్కువవుతుంది. ఇవాళ మహల్‌కు రాని మనిషి రేపు గుడికి రాదు, ఎల్లుండి వీధి గుమ్మం దాటదు. ఆ ఒంటరితనం మనసును కూడా కుంగదీస్తుంది. అందుచేత ఆవిడను ఎలా తీసుకువెళ్ళాలన్నదే మనం ఆలోచించవలసిన విషయం.

ముందుగా తెలుసుకోండి

చౌమహల్లా నిజాం ప్రభువుల నివాసం. పద్దెనిమిదో శతాబ్దంలో మొదలైన ఈ కట్టడం అయిదో నిజాం అఫ్జలుద్దౌలా కాలంలో (1857-69) పూర్తయింది. 2005లో ప్రజల సందర్శనకు తెరిచారు. పునరుద్ధరణకు 2010లో యునెస్కో పురస్కారం లభించింది. విశాలమైన ఆవరణలు, తోటలు, నీటి కొలనులు, షాండిలియర్లు వేలాడే దర్బారు హాలు చూడముచ్చటగా ఉంటాయి. అయితే పాత కాలపు భవనం కాబట్టి మెట్లుంటాయి, నడక ఉంటుంది. శుక్రవారం సెలవు.

బయలుదేరే ముందురోజు ఫోన్ చేసి నాలుగు సంగతులు అడగండి. వాహనం ఎంతవరకు వస్తుంది? చక్రాల కుర్చీ ఇస్తారా? మెట్లు లేని దారి ఉందా? కమోడ్ ఉన్న బాత్‌రూము ఎక్కడ? వేసవిలో అయితే ఉదయం తలుపులు తెరిచే వేళకే చేరుకోండి. అన్నీ చూసి తీరాలన్న పట్టుదల వద్దు. దర్బారు హాలు, ఒక తోట తీరికగా చూసినా చాలు.

మెట్ల దగ్గర

ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు వేయాలి. దిగేటప్పుడు నొప్పి కాలు ముందు దించాలి. చేతికర్ర నొప్పి ఉన్న కాలికి ఎదుటి వైపు చేతిలో ఉండాలి. చాలామంది నొప్పి వైపే పట్టుకుంటారు, దానివల్ల ప్రయోజనం తక్కువ. నిటారుగా నిలబడి చేయి కిందికి వేలాడేసినప్పుడు కర్ర పిడి మణికట్టు దగ్గరకు రావాలి. పక్షవాతం వచ్చినవారికి తోడుగా నడిచే మనిషి బలహీనంగా ఉన్న వైపున ఉండాలి.

ఎండలోంచి చీకటి హాల్లోకి అడుగుపెట్టగానే గుమ్మం దగ్గర ఒక నిమిషం ఆగండి. వయసు మళ్ళిన కళ్ళు చీకటికి అలవాటు పడడానికి ఎక్కువ సమయం పడుతుంది. గడప తట్టుకుని పడేది ఇలాంటి చోటే. రక్తపోటుకు మాత్రలు వాడేవారు బల్ల మీద నుంచి గబుక్కున లేవకూడదు, కళ్ళు తిరుగుతాయి.

చక్రాల కుర్చీ నెట్టేవారికి

కూర్చునేటప్పుడు, లేచేటప్పుడు బ్రేకు వేసి ఉండాలి. లేచే ముందు పాదాలు పెట్టుకునే పలకలు పైకి మడవాలి. వాలు దిగేటప్పుడు కుర్చీని వెనక్కు తిప్పి, మీరు కింది వైపున ఉండి, మెల్లగా దించండి. కుర్చీని ఎత్తవలసి వస్తే చట్రాన్నే పట్టుకోవాలి. చేతులు ఆనించే భాగాలు ఊడి రావచ్చు. పచ్చికలోనో కంకరలోనో ముందు చక్రాలు దిగబడితే, కుర్చీని కాస్త వెనక్కు వంచి పెద్ద చక్రాల మీద నడపండి.

ఎవరో ఒక చెక్క పలక తెచ్చి మెట్ల మీద వేస్తామంటారు. ఒప్పుకోకండి. 1 అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవైనా ఉంటేనే ఆ వాలు క్షేమం.

నీళ్ళు, మందులు, తిండి

బాత్‌రూముకు వెళ్ళవలసి వస్తుందని పెద్దవాళ్ళు నీళ్ళు తాగడం మానేస్తారు. ఎండలో అది ప్రమాదం. మాటిమాటికీ గుక్కెడు తాగించండి. మూత్రం ఎక్కువగా పోయే మాత్ర వాడేవారు సొంతంగా మానకూడదు, వేళ మార్చుకోవచ్చునేమో మీ డాక్టరును అడగండి.

చక్కెర వ్యాధి ఉన్నవారు భోజనం వేళ తప్పకూడదు, కాలే రాతి మీద చెప్పులు లేకుండా నడవకూడదు. చెమటలు పట్టి, వణుకు వచ్చి, మాట తడబడితే వెంటనే 3 చెంచాల పంచదార నీళ్ళలో కలిపి ఇవ్వండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి. గుండె జబ్బు ఉన్నవారు నాలుక కింద పెట్టుకునే మాత్రను ఇంట్లో బీరువాలో కాదు, జేబులో ఉంచుకోవాలి. ఛాతీలో నొప్పి వస్తే నడక ఆపి కూర్చోవాలి.

అడగడం నామోషీ కాదు

ప్రజలు వచ్చిపోయే భవనాలు వికలాంగులకూ అందుబాటులో ఉండాలని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం చెబుతోంది. తప్పక పాటించవలసిన ప్రమాణాలు రూపొందించాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు కేంద్ర ప్రభుత్వాన్ని ఆదేశించింది. కనుక ఎక్కడికి వెళ్ళినా వాలుదారి ఏదని, కూర్చునే బల్ల ఏదని మర్యాదగా అడగండి. లేకపోతే ఫిర్యాదు పుస్తకంలో రెండు వాక్యాలు రాసి రండి. మీ తరువాత వచ్చే ఇంకో తాతయ్యకో, పోలియో వచ్చిన పిల్లవాడికో అది ఉపకరిస్తుంది.