జావా అనువర్తనాల్లో అంతర్నిహిత సందేశ బ్రోకర్ – క్రమబద్ధ విరమణ

గ్రామీణ శాఖా తపాలా కార్యాలయం చాలాచోట్ల పోస్టుమాస్టరు ఇంట్లోనే నడుస్తుంది. సంగారెడ్డి జిల్లా నాగల్‌గిద్ద వంటి ప్రాంతంలో అటువంటి ఇంటిని ఊహిస్తే, ఆ ఇంటికి తాళం పడితే తపాలాకూ తాళం పడినట్లే. జావా అనువర్తనంలో అంతర్నిహితమైన సందేశ బ్రోకర్ స్థితి కూడా ఇటువంటిదే.

అపాచీ యాక్టివ్‌ఎమ్‌క్యూలోని బ్రోకర్‌సర్వీస్ ద్వారా బ్రోకర్‌ను అనువర్తనం నడిచే జేవీఎంలోనే ప్రారంభించవచ్చు. సాధారణంగా అది తనంతట తానే ఒక షట్‌డౌన్ హుక్‌ను నమోదు చేసుకుంటుంది. జేవీఎం ఆగే సమయంలో హుక్‌లన్నీ నిర్ణీత క్రమం లేకుండా ఏకకాలంలో నడుస్తాయి. అందువల్ల, స్వీకర్త పని ముగించి రసీదు పంపకముందే బ్రోకర్ మూతపడవచ్చు. అప్పుడు నిల్వచేసిన సందేశం పునఃప్రారంభం తరువాత మళ్ళీ అందుతుంది; జరిగిన పనే రెండవసారి జరుగుతుంది. నిల్వచేయని సందేశం నశిస్తుంది.

దీనికి పరిష్కారం క్రమపాలన. బ్రోకర్ సొంత హుక్‌ను నిలిపివేసి, అనువర్తనమే ఒకే హుక్‌లో ఈ వరుసను పాటించాలి: ముందుగా కొత్త సందేశాల స్వీకరణను ఆపాలి, చేతిలోని వాటిని పూర్తిచేయాలి, అనుసంధానాలను మూసివేయాలి, చివరగా బ్రోకర్‌ను ఆపి, అది పూర్తిగా ఆగేవరకు వేచి ఉండాలి.

అయితే విద్యుత్తు పోయినా, ప్రక్రియను బలవంతంగా ముగించినా ఏ హుక్ కూడా నడవదు. కనుక ఒకే సందేశం రెండుసార్లు అందినా ఫలితం మారని విధంగా స్వీకర్తను రూపొందించడం అవసరం.