చెడ్డయేట ఒక్క తోట ద్రాక్షాసవము



మన ఆలంకారికులు కవితాపాకములను వివరించుచు ద్రాక్షాపాకమును మిగుల మెచ్చుకొనిరి. నోట వేసికొనినంతనే రసము నిచ్చునది ద్రాక్ష యని వారి భావము. ముప్పదియేండ్లు నేనీ మాటను బాలురకు బోధించితిని గాని, ఆ పండును పండించువాని పాట్లను గూర్చి యెన్నడును తలపనైతిని. ఉద్యోగవిరమణానంతరము ఫ్రాన్సుదేశపు సేద్యమును గూర్చి చదువుచుండగా నా లోపము నాకు తెలియవచ్చినది. నేను మద్యమును ముట్టినవాడను గాను. నేడు దానిని పొగడ వచ్చినవాడనును గాను. ఒక రైతు చెడ్డయేట తన పొలము పేరు నెట్లు నిలుపుకొనునో చెప్పుటయే నా యుద్దేశము.

ఫ్రాన్సుదేశపు తూర్పుభాగమున బర్గండీ యను సీమ కలదు. అందు దిజోన్ పట్టణమునుండి దక్షిణముగా సుమారు 50 కిలోమీటర్ల పొడవున నొక కొండవాలు సాగును. అచ్చటి యెఱ్ఱని ద్రాక్షాసవమునకు మూలము పినో న్వార్ అను నల్లద్రాక్ష. ఆ వాలును చిన్నచిన్న క్షేత్రములుగా విభజించి, ఒక్కొక్కదానికి నొక్కొక్క పేరిడి, శతాబ్దములుగా కాపాడుకొనుచున్నారు. ఇట్టివి 1,247 క్షేత్రములు. యునెస్కో సంస్థ 2015వ సంవత్సరమున వీనిని ప్రపంచవారసత్వముగా గుర్తించినది. మ్యుజిన్యీ యను ప్రసిద్ధక్షేత్రము 11 హెక్టారులకు మించదు. రొమానె కోంతి రెండు హెక్టారులైనను లేదు. సీసాపై ఆ పేరు వ్రాయవలెనన్నచో, అందలి ద్రాక్ష యంతయు నా క్షేత్రమున పండినదే కావలెనని చట్టము.

మంచియేట ఈ నియమము గర్వకారణము. చెడ్డయేట నిదియే సంకెల. పలుతోటల పండ్లను కలుపువాడు ఒకచోటి లోపమును మరొకచోటి గుణముచే కప్పుకొనగలడు. ఒక్క తోటవాని కా వెసులుబాటు లేదు. ఒక విద్యార్థి సమాధానపత్రమునందలి కొరతను మరొకని పత్రముతో పూరించి మార్కులు వేయుదుమా? ఇదియు నట్టిదే.

దీనికి తోడు పినో న్వార్ మిక్కిలి సుకుమారమైనది. త్వరగా చిగురించును గనుక వసంతకాలపు మంచునకు చిక్కును. దాని పండు తొక్క పలుచన, గుత్తి దట్టము. వానలు పట్టినచో ఒక పండునకు సోకిన కుళ్ళు గుత్తియంతయు వ్యాపించును.

2016వ సంవత్సరపు కథ వినుడు. ఏప్రిలు 26వ తేదీ రాత్రి, తడిసియున్న లేతచిగుళ్ళపై మంచు గడ్డకట్టినది. తెల్లవారి నిర్మలాకాశమున సూర్యుడుదయించి, ఆ చిగుళ్ళను మాడ్చివైచెను. సామాన్యముగా మంచుబాధ నెఱుగని పేరుగల క్షేత్రములును తప్పించుకొనలేదు. మ్యుజిన్యీయు, ఆ క్షేత్రమున్న గ్రామమును మిగుల నష్టపడినవి. రెండుదినముల పిదప మరల మంచు భయము కలుగగా, రైతులు తెల్లవారుజామున తడిగడ్డిని కాల్చి పొగ లేపిరి. ఉదయపుటెండకు పొగతో తెరకట్టుట వారి యుపాయము.

అంతటితో కష్టము తీరలేదు. తరువాతి వానలలో బూజుతెగులు పుట్టినది. మైలుతుత్తమును, సున్నమును నీట కలిపిన మందు 1885 నాటినుండియు దీనికి ప్రసిద్ధము. కాని యా మందు ఆకుపైననే నిలుచును. గట్టివాన కడిగివేసినచో మరల చల్లవలెను. నేల బురదయైనచో ట్రాక్టరు దిగదు; మనిషియే మందుతొట్టిని వీపున మోసికొని సాళ్ళవెంబడి నడువవలెను. భాగ్యవశమున జూలైనుండి వానలు వెనుదీసినవి. మిగిలిన కొద్దిపంట సెప్టెంబరు చివరకు పక్వమైనది.

ఇక కోత. మంచుచే మొదటిచిగురు చచ్చినచోట రెండవచిగురు పుట్టును. దాని కాయ స్వల్పము, ఆలస్యముగా పండును. కావున నొకే తీగపై పండును, పచ్చికాయయు కలిసియుండును. కోయువారు చూచి కోయవలెను. కోసినదానిని బల్లపై పరచి కుళ్ళిన గింజలను, పచ్చిగింజలను ఏరిపారవేయవలెను. పంట తక్కువయైన యేడే పారవేయునది హెచ్చు! పిదప రసము తొక్కలతో పులియునప్పుడు, పైకి తేలిన తొక్కలను మృదువుగా లోనికి ముంచవలెను. మోటుగా పిసికినచో వగరు దిగును. చట్టము చక్కెరను మితముగా కలుపనిచ్చును. అది పులిసి ఆసవమునకు బలము నిచ్చును గాని, తీగపై రాని పక్వతను తేజాలదు.

ఆ యేటనే మోంట్రాషే యను తెల్లద్రాక్ష క్షేత్రమున నొక వింత జరిగినది. అందు భాగములుగల యేడుగురు యజమానులకు విడివిడిగా పులియబెట్టుటకు చాలినంత పంటయైనను దక్కలేదు. వారు తమ పండ్లనన్నిటిని నొక్కచో చేర్చి, ఒక్కటే ఆసవము చేసిరి. పొరుగువానితో కలిసిరి గాని, పొరుగుక్షేత్రముతో కలుపలేదు.

అదియు కుదరనిచో మరియొక మార్గము కలదు. క్షేత్రనామమును వదలి, గ్రామనామముతో తక్కువ వెలకు అమ్ముకొనవచ్చును. ఆదాయము తగ్గును, ఏడాది శ్రమకు తగిన ఫలము రాదు. అయినను మరుసటియేట ఆ క్షేత్రనామమును చూచి కొనువాడు మోసపోడు. మంచియేట పేరును నిలుపుట ప్రకృతి పని. చెడ్డయేట నిలుపుట రైతు పని. ద్రాక్షాపాకమను మాటను పలికినప్పుడెల్ల నాకిప్పు డా రైతు జ్ఞప్తికి వచ్చుచున్నాడు.