కండువా మారితే కాటా మారొద్దు

గార్లదిన్నె రైతు వేరుశనగ బస్తా తూచేటప్పుడు చూసేది ఒక్కటే: కాటా అందరికీ ఒకేలా తూస్తోందా అని. నాయకులపై లైంగిక ఆరోపణలొస్తే మాత్రం మనం ముందు కండువా రంగు చూస్తున్నాం. 2022 ఆగస్టులో అప్పటి హిందూపురం వైసీపీ ఎంపీ గోరంట్ల మాధవ్‌దంటూ ఒక అసభ్య వీడియో బయటికొచ్చింది. అది మార్ఫింగ్ అని ఆయన ఖండించారు. ఒక ఫోన్‌లో ఆడుతున్న వీడియోను మరొకరు తీసిన నకలే దొరికిందని, అసలుది లేకుండా నిజానిజాలు తేల్చలేమని అనంతపురం ఎస్పీ ఫక్కీరప్ప చెప్పారు. 'తేల్చలేం' అంటే తప్పు చేశారనీ కాదు, చేయలేదనీ కాదు. రచ్చబండ దగ్గర మాత్రం ఎవరికి నచ్చిన అర్థం వాళ్లు తీసుకున్నారు.

రెండేళ్లకు పాత్రలు తారుమారయ్యాయి. సత్యవేడు ఎమ్మెల్యే కోనేటి ఆదిమూలంపై ఒక మహిళ ఆరోపణ చేయగా, 2024 సెప్టెంబరు 5న టీడీపీ ఆయన్ను సస్పెండ్ చేసింది. ఆయన ఆరోపణను తోసిపుచ్చారు. అదే నెలలో హైకోర్టు కేసును కొట్టేసింది. ఈ రెండు ఉదంతాలూ ఒకటి కావు, ఫలితమూ ఒకటే ఉండాలని లేదు. అడిగే ప్రశ్నలు మాత్రం ఒకటే కావాలి: ఫిర్యాదు చేసిందెవరు? ఆమె సమ్మతి ఉందా? పదవి బలం వాడారా? ఆధారాన్ని ఎవరు పరీక్షించారు?

ఆరోపణ రుజువు కాదు, కుట్రలూ ఉంటాయి అంటారు. నిజమే. అందుకే విచారణ ముగిసేదాకా బాధ్యతల నుంచి తప్పించడం శిక్ష కాకూడదు, నిర్దోషి తిరిగొచ్చే దారీ ఉండాలి. 'అది వ్యక్తిగతం' అనే వాదన ఇద్దరు పెద్దల ఇష్టం వరకే చెల్లుతుంది. పక్కనున్న కర్ణాటకలో అప్పటి ఎంపీ ప్రజ్వల్ రేవణ్ణ అసభ్య వీడియోలు హాసనలో పెన్‌డ్రైవ్‌లలో చేతులు మారాయి. అత్యాచారం కేసులో 2025 ఆగస్టు 2న కోర్టు ఆయనకు జీవిత ఖైదు వేసింది. నేరం తేల్చింది కోర్టు. పెన్‌డ్రైవ్‌లు పంచినవాళ్లు బజారుకీడ్చింది ఆడవాళ్ల పరువును.

లోపం చట్టంలోనూ ఉంది. పనిచోట లైంగిక వేధింపులను అడ్డుకునే 2013 చట్టం ప్రకారం పదిమంది, ఆపైన పనిచేసే చోట ఫిర్యాదుల కమిటీ ఉండాలి. పార్టీకీ కార్యకర్తకూ యజమాని, ఉద్యోగి సంబంధం లేదని 2022లో కేరళ హైకోర్టు అంది. 2025లో సుప్రీంకోర్టూ జోక్యం చేసుకోలేదు. అలాగని స్వచ్ఛందంగా కమిటీ పెట్టుకోవద్దని ఏ చట్టమూ చెప్పలేదు. ఈసారి ఓటడగడానికి వచ్చినవాళ్లను, మన పార్టీవాళ్లనే ముందుగా, అడుగుదాం: మీ కమిటీలో ఎవరున్నారు?