నాలుగు పోస్టుకార్డుల మీద కారు

బాలలూ, కారును నడిపేది ఏమిటని అడిగితే మీరు ఇంజను అంటారు. ఆపేది ఏమిటంటే బ్రేకులంటారు. మలుపు తిప్పేది స్టీరింగు అంటారు. మూడూ సగం సరి అయిన జవాబులే. మిగిలిన సగం ఏమిటో నా పాత శిష్యుడొకడు చాలా భయపడి తెలుసుకున్నాడు. ఆ సంగతి చెబుతాను.

అతను ఇంగ్లండులో ఉద్యోగం చేస్తున్నాడు. 2019లో అక్కడ ఒక పాత స్పోర్ట్స్ కారు కొన్నాడు. అది జపానులోని మాజ్డా కంపెనీ వారి ఎమ్ఎక్స్-5. రెండే సీట్లు, వెనక్కు మడిచే గుడ్డకప్పు, ఇంజను ముందు ఉంటుంది, కాని అది తిప్పేది వెనక చక్రాలను. 1989లో మొదటిసారి వచ్చిన ఈ బండి తేలికగా ఉండి, చెప్పినట్టు వింటుందని పేరు తెచ్చుకున్నది. మావాడు కొనేముందు టైర్లు కూడా చూశాడు. గాడులు లోతుగా ఉన్నాయి, రబ్బరు నల్లగా నిగనిగలాడుతున్నది. "కొత్తవే అనుకున్నాను మాస్టారూ," అని తరవాత నాతో చెప్పాడు.

ఒకనాడు సన్నని వాన పడుతున్నది. మలుపు వచ్చింది. వేగం ఎక్కువేమీ లేదు. ఉన్నట్టుండి బండి వెనకభాగం పక్కకు జారింది. బండి గిర్రున తిరిగి, రోడ్డు పక్క గడ్డిలో ఆగింది. ఆ క్షణాన ఎదురుగా ఏ బండీ రాలేదు కనక అతనికి దెబ్బ తగల్లేదు. చూస్తే ఇంజను బాగున్నది, బ్రేకులు బాగున్నాయి, స్టీరింగు బాగున్నది. మరి తప్పు ఎక్కడ ఉన్నది?

ముందు ఒక చిన్న లెక్క చేద్దాం. ఆ బండీ, నడిపేవాడూ కలిసి సుమారు 1,000 కిలోల బరువు. నాలుగు చక్రాలు కనక ఒక్కొక్క దానిమీద సుమారు 250 కిలోలు పడుతుంది. ఆ టైర్లలో ఉండవలసిన గాలి వత్తిడి 26 పౌన్లు. అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 1.8 కిలోలు. 250ని 1.8తో భాగించండి. 139 చదరపు సెంటీమీటర్లు వస్తుంది. మన పోస్టుకార్డు 14 సెంటీమీటర్ల పొడవు, 9 సెంటీమీటర్ల వెడల్పు. దాని వైశాల్యం 126. టైరు గోడలు కూడా కొంచెం బరువు మోస్తాయి. అందుచేత ఒక్కొక్క టైరు నేలను తాకే చోటు ఇంచుమించు ఒక పోస్టుకార్డంత అన్నమాట!

ఇంజను బలమంతా ఆ పోస్టుకార్డుల గుండానే రోడ్డుకు చేరాలి. బ్రేకు చక్రాన్ని ఆపుతుంది. బండిని ఆపేది మాత్రం నేలమీద టైరు పట్టు. స్టీరింగు చక్రాన్ని తిప్పుతుంది; బండిని తిప్పేది కూడా ఆ పట్టే. నేను మిగిలిన సగం అన్నది ఇదే.

ఇక మావాడి టైర్లకు ఏమయింది? టైరు పక్కభాగం మీద కోడిగుడ్డు ఆకారపు గీత మధ్య నాలుగంకెలు ఉంటాయి. అతని టైర్లమీద 1406 అని ఉన్నది. అంటే అవి 2006వ సంవత్సరం 14వ వారంలో తయారయినవి. గాడులు అరగకపోయినా, రబ్బరుకు 13 ఏళ్ళు నిండాయి! మీ పెట్టెలో ఏళ్ళ తరబడి పడి ఉన్న రబ్బరుతో పెన్సిలు గీతలు చెరిపి చూడండి. అది చెరపదు, కాగితం మీద జారి మరక చేస్తుంది. గాలిలోని ఆమ్లజనికీ, ఎండకూ రబ్బరు గట్టిపడి పోతుంది. మెత్తని రబ్బరు రోడ్డుమీది సన్నని గరుకులలోకి దిగి పట్టుకుంటుంది. గట్టిపడినది పైపైన జారుతుంది. నేల తడిగా ఉంటే మరీను.

మావాడు కొత్త టైర్లు కొనాలనుకున్నాడు. అతని స్నేహితులు, "వెడల్పువి వెయ్యి, పెద్ద చక్రాలు వెయ్యి, బండికి అందం వస్తుంది," అన్నారు. కాని అతను ముందు పాత టైరు మీది రాత చదివాడు. 185/60 ఆర్ 14 82 హెచ్. ఇది మంత్రం కాదు, చదవటం తేలికే.

185 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 60 అంటే టైరు గోడ ఎత్తు ఆ వెడల్పులో నూటికి 60 వంతులు. అనగా 111 మిల్లీమీటర్లు. ఆర్ అనేది రేడియల్ అనే మాటకు గుర్తు. ఈ రకం టైరులో గట్టి దారపుపోగులు ఒక అంచునుంచి రెండో అంచుకు తిన్నగా పోతాయి. నేలను తాకే భాగం కింద ఉక్కుతీగల పట్టీ ఉంటుంది. 1946లో ఫ్రాన్సులోని మిషెలిన్ కంపెనీ దీనికి పేటెంటు తీసుకున్నది. 14 అనేది లోపలి చక్రం కొలత, అంగుళాలలో. 82 అంటే ఒక్కొక్క టైరు 475 కిలోలు మొయ్యగలదని. హెచ్ అంటే గంటకు 210 కిలోమీటర్ల వేగం వరకూ తట్టుకుంటుందని. కొత్త టైరు మోసే బరువూ, తట్టుకునే వేగమూ బండితో వచ్చిన పుస్తకంలో చెప్పినదానికి తక్కువ కారాదు.

పెద్ద చక్రం వెయ్యాలంటే? 14 అంగుళాలంటే 355.6 మిల్లీమీటర్లు. కిందా పైనా రెండు గోడలు కలిపితే 222. మొత్తం టైరు ఎత్తు 577.6. ఇప్పుడు 195/50 ఆర్ 15 టైరు చూడండి. చక్రం 381, రెండు గోడలూ కలిసి 195, మొత్తం 576. తేడా రెండు మిల్లీమీటర్లు కూడా లేదు కనక వేగం చూపే ముల్లు అబద్ధం చెప్పదు. కాని గోడ పొట్టి అయింది. పొట్టిగోడ టైరుతో బండి మలుపులలో చురుకుగా తిరుగుతుంది. గుంతలలో మాత్రం కుదుపు ఎక్కువ, చక్రం వంగిపోయే ప్రమాదం కూడా ఎక్కువ.

మరి వెడల్పు టైరో? పొడిరోడ్డు మీద పట్టు పెరుగుతుంది. కాని నీరు నిలిచిన రోడ్డుమీద, వేగంగా పోయేటప్పుడు, టైరు గాడులు దారిలోని నీటిని పక్కలకు తోసెయ్యాలి. తొయ్యలేకపోతే టైరు పడవలాగా నీటిమీద తేలుతుంది. టైరు ఎంత వెడల్పయితే అంత నీరు తొయ్యాలి. పోటీబాటల కోసం చేసే మెత్తని, గాడులు తక్కువైన టైర్లు వేడెక్కిన పొడిబాట మీద అద్భుతంగా పట్టుకుంటాయి. అవే వానలో శత్రువులు. వేసవి టైర్ల రబ్బరు, చలి సుమారు 7 డిగ్రీల సెంటిగ్రేడుకు దిగితే, బిగుసుకుంటుంది. కనక టైరును చూపుల కోసం కాక, తిరిగే రోడ్డునూ, అక్కడి వాతావరణాన్నీ బట్టి ఎంచుకోవాలి. ఇంగ్లండులో వానలు ఎక్కువ కనక మావాడు పాత కొలతలోనే, తడిలో బాగా పట్టే టైర్లు నాలుగూ ఒకే రకానివి కొన్నాడు.

బిగించటం కూడా ఒక విద్యే. ఈ టైర్లకు లోపల ట్యూబు ఉండదు. అంచు చక్రానికి అతుక్కుని ఉంటేనే గాలి నిలుస్తుంది. అందుచేత చక్రం అంచున తుప్పు గీకి, సబ్బునీరు వంటిది రాసి, టైరు ఎక్కించి గాలి కొడతారు. అంచు తన చోట కూర్చునేటప్పుడు "ఠప్" మని చప్పుడవుతుంది. టైరు మార్చినప్పుడు గాలి పోసే రబ్బరు వాల్వు కూడా కొత్తదే వెయ్యాలి. కొన్ని టైర్లకు తిరగవలసిన దిక్కు చూపే బాణపు గుర్తు ఉంటుంది. కొన్నిటికి బయటికి ఉండవలసిన పక్క రాసి ఉంటుంది. తరవాత చక్రాన్ని యంత్రం మీద తిప్పి, బరువు తక్కువైన చోట చిన్న సీసం లేక జింకు ముక్క అతికిస్తారు. లేకపోతే స్టీరింగు వణుకుతుంది. నట్లను వరసగా కాక ఎదురెదురుగా బిగించాలి. చివర బిగువు కొలిచే పానాతో సరిచూడాలి. కొంతదూరం నడిపాక మళ్ళీ చూడాలి.

రెండు టైర్లే కొత్తవి వెయ్యగలిగితే ఎక్కడ వెయ్యాలి? చాలామంది ముందు అంటారు. కాదు, వెనక వెయ్యాలి. ముందు చక్రాలు జారితే ఆ సంగతి స్టీరింగు పట్టుకున్న చేతికి తెలుస్తుంది, వేగం తగ్గిస్తే బండి దారికి వస్తుంది. వెనకవి జారితే బండి మావాడి బండిలాగా గిర్రున తిరుగుతుంది.

ఇంటి బండికి, అది స్కూటరయినా కారయినా, ఇవి చాలావరకు వర్తించే మాటలే. ఈ ఆదివారం నాన్నగారితోనో అమ్మతోనో బండి దగ్గరకు వెళ్ళండి. టైరు మీది నాలుగంకెలు చదివి దాని వయస్సు చెప్పండి. కారు టైరు గాడుల అడుగున అక్కడక్కడ చిన్న గట్లు ఉంటాయి. వాటి ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. టైరు అరిగి ఆ గట్లతో సమానమయితే దాని పని అయిపోయినట్టే. బండి నడవక ముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు గాలి చూడండి. ఎంత గాలి ఉండాలో కారు తలుపు పక్కనో, బండి పుస్తకంలోనో రాసి ఉంటుంది. టైరు మీద రాసినది అది భరించగల హద్దు, కొట్టించవలసిన కొలత కాదు.

మావాడు ఇప్పుడు కూడా ఆ బండినే నడుపుతున్నాడు. మొన్న ఫోను చేసి, "మాస్టారూ, వాన వస్తే ముందు పోస్టుకార్డులు గుర్తుకొస్తున్నాయి," అన్నాడు. లెక్కల పాఠం ఇన్నాళ్ళకు వాడికి పూర్తిగా వచ్చిందని నాకు సంతోషం కలిగింది.